కెమెరాను పదిహేను అడుగులు పైకి లేపితే

కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడి ఎత్తు ఆరున్నర అడుగులు అనుకుందాం. కెమెరా చూపు నేలతో 10 డిగ్రీల కోణం చేస్తోందనుకుందాం. అప్పుడు ఆ ఒక్క మనిషి తన వెనక 37 అడుగుల నేలను మనకు కనబడకుండా చేస్తాడు. కోర్టు మొత్తం వెడల్పే 50 అడుగులు. ఇవతలి గీత దగ్గర ఒకడు నిలబడితే చాలు, అతని వెనక వరసలో మూడొంతుల కోర్టు మరుగున పడిపోతుంది. అదే కెమెరాను 20 డిగ్రీలకు లేపితే మరుగయ్యే నేల 18 అడుగులకు తగ్గుతుంది. 25 డిగ్రీలకు లేపితే 14 అడుగులు.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ప్రసారాలను బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ కొత్త కెమెరాల మీదికి మళ్ళుతుంది. రిమ్ పైన ఒకటి, కోర్టు పక్కన పట్టాల మీద ఒకటి, పైకప్పు నుంచి తీగల మీద వేలాడేది మరొకటి. అవన్నీ మంచివే. కానీ బంతి ఆటలో ఉన్నంతసేపూ మనం చూసేది దాదాపు ఒకే కెమెరాను. కోర్టు మధ్యగీతకు ఎదురుగా, ప్రేక్షకుల మధ్య నిలబెట్టిన ఒకటో నంబరు కెమెరా అది. అది ఎంత ఎత్తున ఉంది, ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పు చూపిస్తోంది అన్న మూడు అంకెలు సరిగా లేకపోతే చుట్టూ మరో ఇరవై కెమెరాలు పెట్టినా ఆట అర్థం కాదు. ఈ కథనమంతా ఆ మూడు అంకెల గురించే.

ముందు కోర్టు కొలతలు. పొడవు 94 అడుగులు, వెడల్పు 50 అడుగులు. రిమ్ నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. పురుషుల బంతి చుట్టుకొలత 29.5 అంగుళాలు, అంటే అడ్డంగా 9.4 అంగుళాలు. మూడు పాయింట్ల గీత బుట్ట నుంచి 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంది. పురుషుల డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై శ్రేణి) ఆటలో 2019-20 సీజన్ నుంచి, మహిళల ఆటలో 2021-22 నుంచి ఇదే దూరం. అంతకు ముందు 20 అడుగుల 9 అంగుళాలే. గీత వెనక్కి జరిగిందంటే ఆట కూడా వెనక్కి, పక్కలకి విస్తరించిందని అర్థం. పాత ఇరుకు ఫ్రేములో కొత్త ఆట ఇమడదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. పక్క నుంచి చూసే కెమెరాకు కోర్టు వెడల్పు ఉన్నదున్నట్టు కనబడదు, నొక్కుకుపోయి కనబడుతుంది. 10 డిగ్రీల కోణంలో 50 అడుగుల వెడల్పు తెర మీద 9 అడుగులంత అవుతుంది. 20 డిగ్రీల్లో 17, 30 డిగ్రీల్లో 25. ఇవతలి ఆటగాడికీ అవతలి ఆటగాడికీ మధ్య ఎంత ఖాళీ ఉందో, పాస్ వెళ్ళడానికి దారి ఉందో లేదో చెప్పేది ఈ కొలతే. బాస్కెట్‌బాల్ అంటే ఖాళీల ఆట. ఒకడు అడ్డుగా నిలబడతాడు, రెండోవాడు అతన్ని రాసుకుంటూ తప్పించుకుంటాడు, మూడోవాడు మూలకు జారుకుంటాడు. కోలాటం వేసేవాళ్ళ అడుగులు పక్కన నిలబడి చూస్తే కలగాపులగంగా ఉంటాయి, మేడ మీద నుంచి చూస్తే ముగ్గు వేసినట్టు తేటపడతాయి. ఇదీ అంతే.

జెర్సీ నంబరుతో మరో పరీక్ష చేయవచ్చు. ఇద్దరు ఆరున్నర అడుగుల ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆరడుగుల ఎడంలో ఉన్నారు. 10 డిగ్రీల నుంచి చూస్తే వెనకున్నవాడి శరీరం పాదాల నుంచి దాదాపు అయిదున్నర అడుగుల దాకా మరుగు. తల ఒక్కటే కనిపిస్తుంది. ఛాతీ మీద, నాలుగున్నర అయిదు అడుగుల ఎత్తున ఉండే నంబరు కనబడదు. 20 డిగ్రీలైతే మరుగు 4.3 అడుగులకు దిగుతుంది, నంబరు బయటపడుతుంది. 25 డిగ్రీలైతే 3.7. డిఫెన్స్‌లో ఎవరు ఎవరిని కాస్తున్నారో వ్యాఖ్యాత చెప్పనక్కర లేకుండా మనమే చదువుకోగలం.

మరైతే 30, 45 డిగ్రీలకు లేపేయవచ్చు కదా అంటారేమో. అక్కడ ఇంకో లెక్క అడ్డొస్తుంది. టీవీ తెర 16:9 నిష్పత్తిలో ఉంటుంది. ఫ్రేము 60 అడుగుల వెడల్పు చూపిస్తే పైకీ కిందకీ దక్కేది సుమారు 34 అడుగులు. కోర్టూ, అవతలి గీత దగ్గర నిలబడ్డ ఆటగాడి తలా కలిపి అందులో ఎంత ఆక్రమిస్తాయో చూద్దాం. 10 డిగ్రీల్లో 15 అడుగులు, 20లో 23, 25లో 27, 30లో దాదాపు 31. మొదటి అంకెను ఇంకోసారి చూడండి. కెమెరా కిందుగా ఉంటే తెరలో సగానికి పైగా ఆటే లేదు. ప్రేక్షకులూ, ప్రకటనల బోర్డులూ, స్కోరు పట్టీ మాత్రమే. 30 డిగ్రీల్లో దీనికి తలకిందులు: జనం మాయమవుతారు, స్కోరు పట్టీ ఇవతలి గీత దగ్గరి ఆటగాళ్ళ కాళ్ళ మీదికి ఎక్కుతుంది. రిమ్ ఎత్తు కూడా కుదించుకుపోతుంది. 10 అడుగులు 8.7 అడుగుల్లా కనబడి, ఎగిరి బంతిని బుట్టలో దించే ఆటగాడి గొప్పతనం చప్పబడుతుంది. 45 డిగ్రీల్లో ఆ పది అడుగులు ఏడే.

కాబట్టి నా లెక్కలో సరైన చోటు 20 నుంచి 25 డిగ్రీల మధ్య. ఖాళీలు తెలుస్తాయి, నంబర్లు కనిపిస్తాయి, గెంతు గెంతులాగే ఉంటుంది, కేకలు పెట్టే విద్యార్థుల రెండు మూడు వరసలు కూడా తెర పై భాగంలో మిగులుతాయి. కాలేజీ ఆటకు ఆ విద్యార్థులే ప్రాణం. వాళ్ళను పూర్తిగా తీసేయమని ఎవరూ అనరు.

దూరం గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. కెమెరా ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. కోర్టు మధ్య బిందువు నుంచి 80 అడుగుల దూరంలో కెమెరా ఉందనుకోండి. ఇవతలి గీత దానికి 55 అడుగుల్లో, అవతలి గీత 105 అడుగుల్లో ఉంటాయి. దగ్గరి ఆటగాడు దూరపువాడికంటే 1.9 రెట్లు పెద్దగా కనబడతాడు. ఇద్దరూ ఒకే ఎత్తువాళ్ళే అయినా ఒకడు రాక్షసుడు, ఒకడు పిల్లవాడు. అదే కెమెరా 150 అడుగుల్లో ఉంటే తేడా 1.4 రెట్లే. ఇంకొకటి. ఒక బుట్ట నుంచి ఇంకో బుట్టకు తిరగడానికి 80 అడుగుల్లోని కెమెరా 55 డిగ్రీలు ఊగాలి, 150 అడుగుల్లోనిది 31 డిగ్రీలు ఊగితే చాలు. ఆట అటూ ఇటూ పరుగెత్తినప్పుడల్లా తెర చుట్టూ తిరిగిపోయినట్టు అనిపించడానికి సగం కారణం కెమెరా మరీ దగ్గరగా ఉండటమే. దూరంగా, ఎత్తుగా పెట్టి లెన్స్‌తో దగ్గరికి లాక్కోవడం మేలు. ప్రసారాల్లో వాడే మూడింట రెండు అంగుళాల రకం సెన్సర్ అడ్డంగా 9.6 మిల్లీమీటర్లు ఉంటుంది. 80 అడుగుల నుంచి 60 అడుగుల వెడల్పు పట్టడానికి సుమారు 13 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి, 150 అడుగుల నుంచైతే 24. ఇప్పటి స్టేడియం జూమ్ లెన్సులకు ఇది ఒక లెక్కే కాదు.

ఎత్తుగా అంటే ఎంత ఎత్తు? 80 అడుగుల దూరంలో 10 డిగ్రీల కోణానికి కెమెరా కోర్టు నేల కంటే 14 అడుగుల పైన ఉంటే సరిపోతుంది. 20 డిగ్రీలకు 29 అడుగులు. తేడా పదిహేను అడుగులు. 150 అడుగుల దూరంలో 20 డిగ్రీలు కావాలంటే 55 అడుగుల ఎత్తుకు వెళ్ళాలి. చిన్న జిమ్నాజియంలో అది పైకప్పు ఎత్తు కావచ్చు, అందుకే ప్రతి చోటా ఒకే సూత్రం పనిచేయదు.

ఇక మూడో అంకె, ఫ్రేము వెడల్పు. ఇక్కడే పాత అలవాటు ఎక్కువ హాని చేస్తోంది. పాత టీవీ 4:3 నిష్పత్తిలో, 480 గీతలతో ఉండేది. చదరపు చుక్కల్లో లెక్కిస్తే అడ్డంగా 640 చుక్కలు. అందులో సగం కోర్టును, అంటే అంచులతో కలిపి సుమారు 50 అడుగుల వెడల్పును చూపిస్తే బంతికి 10 చుక్కలు దక్కేవి. అంతకంటే వెడల్పు చూపిస్తే బంతి కనబడదు. కనుక దగ్గరగా లాగి చూపించడం అప్పట్లో తప్పనిసరి. ఇప్పుడు ఈఎస్‌పీఎన్ వాడుతూ వచ్చిన 720 గీతల పద్ధతిలో అడ్డంగా 1,280 చుక్కలు ఉంటాయి. అందులో 94 అడుగుల కోర్టంతా చూపించినా బంతికి 11 చుక్కలు వస్తాయి, పాత టీవీలో సగం కోర్టుకు వచ్చినన్ని! సీబీఎస్ వాడే 1080 గీతల్లో మొత్తం కోర్టు చూపిస్తే 16, అరవై అడుగులు చూపిస్తే 25. ఫోర్‌కేలో కోర్టంతా చూపించినా 32. కాబట్టి వెడల్పు చూపిస్తే బంతి చిన్నదైపోతుందన్న భయం పాత టీవీతోనే పోవాల్సింది. పోలేదు.

వెడల్పు ఎందుకు కావాలో 2016 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో జరిగిన జాతీయ ఫైనల్ చెబుతుంది. 4.7 సెకన్లు మిగిలి ఉండగా నార్త్ కరోలైనా ఆటగాడు మార్కస్ పేజ్ మూడు పాయింట్లు వేసి 74-74తో సమం చేశాడు. విల్లనోవా తరఫున బంతిని లోపలికి విసిరింది క్రిస్ జెంకిన్స్. రయన్ ఆర్చిడియాకోనో బంతిని తీసుకుని కోర్టు మీదుగా పరుగెత్తాడు. అందరి కళ్ళూ అతని మీదే. విసిరిన జెంకిన్స్ వెనకాలే వచ్చాడు, అతన్ని కాచేవాళ్ళు లేరు. ఆర్చిడియాకోనో బంతిని వెనక్కి అందించాడు, జెంకిన్స్ కొట్టాడు, గంట మోగింది, బంతి పడింది. 77-74. ఆ ఆట కీలకమంతా బంతి లేని మనిషి నడకలో ఉంది. బంతినే అంటిపెట్టుకునే ఇరుకు ఫ్రేముకు అతను చివరి క్షణం దాకా దొరకడు.

కెయిట్లిన్ క్లార్క్ ఆట మరో సాక్ష్యం. అయోవా తరఫున ఆమె కోర్టు మధ్యలోని లోగో దగ్గర నుంచే మూడు పాయింట్లు కొట్టేది. 2024 ఫిబ్రవరి 15న మిషిగన్ మీద మహిళల ఆటలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్ వన్ అత్యధిక పాయింట్ల రికార్డును దాటింది కూడా అలాంటి దూరపు షాట్‌తోనే. ఆ రోజు ఆమె పాయింట్లు 49. ఆమెను ఆపడానికి ప్రత్యర్థులు 30 అడుగుల దాకా ముందుకు రావలసి వచ్చేది, దానితో బుట్ట దగ్గర మిగతా నలుగురికీ చోటు దొరికేది. ఈ రెండు విషయాలూ ఒకే ఫ్రేములో కనిపిస్తేనే ఆమె గొప్పతనం తెలుస్తుంది. 45 అడుగుల ఫ్రేముకు ఆ శక్తి లేదు. 60 అడుగులకు ఉంది.

మన క్రికెట్ అభిమానులకు ఈ వాదన తేలిగ్గానే ఎక్కుతుంది. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ తన పోటీలకు పిచ్ రెండు కొసలా కెమెరాలు పెట్టించాడు. అంతకు ముందు ఒక కొసనే ఉండటం వల్ల ఓవరు విడిచి ఓవరు బ్యాట్స్‌మన్ వీపే కనబడేది. కెమెరా ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్న ఒక ఆటను చూసే పద్ధతినే మార్చేసింది.

కోణం సరిచేసినా డైరెక్టర్ చేతిలో చెడిపోయే అవకాశం ఉంది. బుట్ట పడగానే కొట్టినవాడి ముఖం, తర్వాత కోచ్ ముఖం, తర్వాత గంతులేసే విద్యార్థి. ఇది మూడు నాలుగు సెకన్ల పని. కానీ బంతి అందుబాటులోకి వచ్చాక దాన్ని లోపలికి విసరడానికి ఇచ్చే గడువే 5 సెకన్లు, వేగంగా ఆడే జట్టు అంతసేపు ఆగదు. మళ్ళీ ఒకటో కెమెరాకు వచ్చేసరికి ఆట మధ్యగీత దాటి ఉంటుంది. షాట్ క్లాక్, అంటే ఒక్కో దాడికి ఇచ్చే గడువు, 30 సెకన్లే కాబట్టి ప్రతి దాడిలో నాలుగు సెకన్లు పోతే ఏడెనిమిదో వంతు పోయినట్టు. ముఖాలు చూపించడానికి సమయం లేక కాదు. పురుషుల ఆటలో ఒక్కో సగంలో 16, 12, 8, 4 నిమిషాల గుర్తులు దాటాక వచ్చే మొదటి విరామాల్లో టీవీ కోసమే ఆట ఆపుతారు. అలా మొత్తం ఎనిమిది సార్లు. జట్ల టైమ్ అవుట్లు, ఫౌల్ షాట్లు, రీప్లే తనిఖీలు దీనికి అదనం. 40 నిమిషాల ఆటకు రెండు గంటలు పడుతోంది. ముఖాలను ఆ ఖాళీల్లో చూపించండి, ఆటను ఆట జరిగేటప్పుడు చూపించండి.

మిగతా కెమెరాల విలువ ఆట ఆగినప్పుడు తెలుస్తుంది. మూడు పాయింట్ల గీత మందం 2 అంగుళాలు. మూలల్లో అది సైడ్ లైనుకు సమాంతరంగా, 40⅛ అంగుళాల ఎడంలో సాగుతుంది. 1080 గీతల టీవీలో, 60 అడుగుల ఫ్రేములో, 20 డిగ్రీల కోణం నుంచి ఆ గీత మందం రెండు చుక్కలు కూడా ఉండదు. 10 డిగ్రీల నుంచి ఒక్క చుక్క కూడా ఉండదు. మడమ గీత మీద ఉందో లేదో ఒకటో కెమెరా ఎప్పటికీ చెప్పలేదు. ఆ పని బేస్‌లైన్ కెమెరాది, కోర్టు మూల నుంచి ఏటవాలుగా చూసేదానిది, రిమ్ పైన బిగించినదానిది. గంట మోగే లోపు బంతి చేతిని విడిచిందా అన్న ప్రశ్నకు వేగం కూడా కావాలి. దూరం నుంచి కొట్టిన బంతి సెకనుకు సుమారు 30 అడుగుల వేగంతో వెళ్తుంది. సెకనుకు 60 చిత్రాలు తీసే కెమెరాలో చిత్రానికీ చిత్రానికీ మధ్య అది 6 అంగుళాలు జరుగుతుంది. 180 చిత్రాలు తీసేదానిలో 2 అంగుళాలే. డబ్బు పెట్టాల్సి వస్తే తీగల మీది కెమెరా కంటే ముందు ఇక్కడ పెట్టడం న్యాయం.

కెమెరాకు ఎత్తే మేలని యంత్రాల సంగతీ చెబుతుంది. ఎన్‌బీఏ 2013-14 సీజన్ నుంచి అన్ని అరీనాల్లో ఆటగాళ్ళ కదలికలు లెక్కించే స్పోర్ట్‌వియు ఏర్పాటు చేసింది. ఆరు కెమెరాలు, సెకనుకు 25 సార్లు. వాటిని పెట్టింది పైకప్పు దూలాల దగ్గర. మనుషులు ఒకరినొకరు అడ్డుకోని చోటు అదే కనుక.

ఇంత తెలిసీ కెమెరాలు కిందుగా ఎందుకు ఉంటున్నాయి? భవనాల వల్ల. అమెరికాలో డివిజన్ వన్ జట్లు 350కి పైగా ఉన్నాయి, వాటి హాళ్ళలో ఏ రెండూ ఒకలా ఉండవు. డ్యూక్ విశ్వవిద్యాలయపు కెమరన్ ఇండోర్ స్టేడియం 1940లో తెరుచుకుంది, పట్టేది 9,314 మందే. టీవీ కోసం కట్టిన కట్టడం కాదు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ మెమోరియల్ జిమ్నాజియంలో కోర్టు చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో ఉంటుంది. కోర్టు ఎంత లేస్తే కెమెరా కోణం అంత తగ్గుతుంది. న్యూ మెక్సికోలో 1966లో తెరిచిన ‘ది పిట్’ దీనికి వ్యతిరేకం: నేలను తవ్వి, వీధి మట్టానికి 37 అడుగుల లోతున కోర్టు వేశారు. అక్కడ ఎత్తు భవనంతోనే వచ్చింది. సిరాక్యూస్ ఫుట్‌బాల్ డోమ్‌లో ఆడుతుంది, 2019 ఫిబ్రవరిలో డ్యూక్‌తో ఆటకు 35,642 మంది వచ్చారు. 2014 జాతీయ టోర్నీ సెమీఫైనళ్ళకు టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో 79,444 మంది. డోముల్లో ఎత్తుకు కొదవ లేదు, అందుకు సరిపడా దూరంలో వేదిక కట్టడమే పని. ఈ తరహా ఆటకు ఆద్యం 1968 జనవరి 20. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 52,693 మంది ముందు హ్యూస్టన్ 71-69తో యూసీఎల్‌ఏ 47 విజయాల పరంపరను తెంచింది. ఆ రాత్రి టీవీ ప్రసారంతోనే కాలేజీ బాస్కెట్‌బాల్ దేశమంతా చూసే ఆట అయింది.

రెండో కారణం టికెట్లు. మధ్యగీతకు ఎదురుగా ఉండే సీట్లు ఖరీదైనవి. కెమెరా వేదికను విస్తరిస్తే కొన్ని సీట్లు పోతాయి. కానీ డబ్బు మాట వచ్చింది కాబట్టి ఆ అంకెలు కూడా చూద్దాం. పురుషుల జాతీయ టోర్నీ ప్రసార హక్కుల ఒప్పందాన్ని 2016లో ఎనిమిదేళ్ళు పొడిగించారు, 880 కోట్ల డాలర్లకు, 2032 దాకా. ఏడాదికి 110 కోట్లు. ఆటలు 67. సగటున ఆటకు కోటీ 64 లక్షల డాలర్లు. మహిళల టోర్నీకి ఈఎస్‌పీఎన్‌తో 2024లో కుదిరిన ఒప్పందంలో ఏడాదికి సుమారు 6.5 కోట్ల డాలర్ల విలువ కట్టారు. 67 ఆటలకు పంచితే ఆటకు పది లక్షలకు కాస్త తక్కువ. అదే ఏడాది మహిళల ఫైనల్‌ను సగటున కోటీ 89 లక్షల మంది చూశారు, పురుషుల ఫైనల్‌ను కోటీ 48 లక్షల మంది. జనం ఎటు ఉన్నారో అంకెలే చెబుతున్నాయి. ఇంత ఆదాయం ఉన్న ఆటలో డజను సీట్లు వదులుకోలేమనడం సమంజసం కాదు.

పెద్ద టోర్నీలకు వేదికలు కట్టేవాళ్ళు ఉన్నారు. నా ఆవేదన మామూలు జనవరి వారపు రాత్రి జరిగే ఆటల గురించి. 2014లో ఎస్ఈసీ నెట్‌వర్క్, 2019లో ఏసీసీ నెట్‌వర్క్ అనే కాలేజీ క్రీడల ఛానళ్ళు వచ్చాక విశ్వవిద్యాలయాలే క్యాంపస్‌లో కంట్రోల్ రూములు కట్టుకున్నాయి. చాలాచోట్ల కెమెరాల వెనక నిలబడేది విద్యార్థులే. అక్కడ చదువుతున్న మన పిల్లలు ఈ పని అడిగి చూడవచ్చు. ఎఫ్-1 వీసా ఉన్నవాళ్ళు చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయవచ్చు. ఇలాంటి ప్రసారాలకు నాలుగైదు కెమెరాలే ఉన్నా చింత లేదు. ఒకటోది సరైన ఎత్తున ఉండి, 60 అడుగుల వెడల్పు వదలకుండా, మధ్యలో కట్ చేయకుండా చూపిస్తే ఆ ప్రసారం ముప్ఫై కెమెరాల ప్రసారానికి తీసిపోదు.

మీరు ఈ ఆటలు చూసేవారైతే, వచ్చే సీజన్‌లో అవతలి సైడ్ లైన్ దగ్గరి ఆటగాడి నంబరు ఆట జరుగుతుండగా చదవగలుగుతున్నారో లేదో గమనించండి. చదవలేకపోతే ఆ విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి ఉత్తరం రాయండి. ఒకటో కెమెరాను 20 డిగ్రీలకు తగ్గకుండా పెట్టమని, కొత్త అరీనా కడుతుంటే నక్షా గీసే రోజునే ఆ వేదికకు చోటు కేటాయించమని అడగండి.